బొమ్మలకథలు వ్రాయు, గీయు మన బిడ్డలకు త్రోవ యేది?

(సంఘ వార్షిక మహాసభయందు చేసిన యుపన్యాసము)



ఈ వేదికపై విద్యనుగూర్చియు, వివాహములందలి దుబారానుగూర్చియు, విద్యార్థి వసతిగృహమునుగూర్చియు పెద్దలు ప్రసంగించుట యాచారము. ఈ యేడు కార్యదర్శిగారు విద్యావిషయకముగా నేదేని చెప్పుడని మమ్ము కోరిరి. మేమెన్నుకొనిన విషయమును విన్నంతనే కొందరికి నవ్వు రావచ్చును. కామిక్కులని నేడు పిలువబడు బొమ్మలకథలను వ్రాయగోరు, గీయగోరు మన బిడ్డలు తమ పనిని ఎవరికి పంపవలెను? ఎట్లు పంపవలెను? పంపునపుడు దేనిని కాపాడుకొనవలెను? ఈ మూడు ప్రశ్నలకు మాకు తెలిసినంత సమాధానము చెప్పుటయే నేటి మా ప్రయత్నము.

ఇది నవ్వదగిన విషయము కాదని మా మనవి. మనది చేతిపనివారి కులము. బంగారు పని చేయు ఇంట, నగకు ముందు కాగితముపై దాని రూపు పుట్టును. వడ్రంగి ఇంట, ద్వారబంధమునకు ముందు పలకపై లత పుట్టును. శిల్పి ఇంట, రాతికి ముందు సుద్దగీత పుట్టును. అక్షరములు దిద్దుటకు ముందే మన పిల్లలు గీతలు గీయుట నేర్చుచున్నారు. నేడు పెద్ద పెద్ద నగల దుకాణములు యంత్రపు నగలను పళ్లెములలో పెట్టి అమ్ముచుండగా, రాజమహేంద్రవరమందును, నరసాపురమందును, అమలాపురమందును ఎన్ని కుంపట్లు చల్లారినవో మీకు మేము చెప్పనక్కరలేదు. కుంపటి ఆరినది గాని చేయి ఆరలేదు. ఆ చేతికి పని చూపవలసిన భారము మనది.

బొమ్మలతో కథ చెప్పుట పడమటి దేశములనుండి నిన్న మొన్న వచ్చిన వింత కాదు. భవభూతి ఉత్తరరామచరితమున ప్రథమాంకము మీలో పలువురకు పరిచితము. అందు లక్ష్మణుడు రామకథను వరుసగా చిత్రించిన బొమ్మలను సీతారాములకు చూపును. శూర్పణఖ బొమ్మ వచ్చినంతనే సీత భయపడగా, ఇది చిత్రమేయని రాముడు ధైర్యము చెప్పును. జరిగిపోయిన కథ, గోడమీది గీతలుగా మారి, మరల గుండెను కదలించుట! బొమ్మలకథకు ఇంతకు మించిన ప్రశస్తి యేమున్నది? ముద్రారాక్షసమున చాణక్యుని చారుడు యమపటమును చూపుచు ఇంటింట తిరుగును. పటము చూపి కథ చెప్పి బ్రదుకువారు ఆనాడే యుండిరనుటకు ఇది నిదర్శనము.

మన తెలుగునాట చేర్యాల నకాషీ పటములను చూడుడు. పొడవైన గుడ్డపై అడ్డముగా పట్టీలు తీర్చి, ఒక్కొక్క పట్టీలో కథలోని యొక్కొక్క ఘట్టమును చిత్రించెదరు. కథకుడు పటమును కొంచెము కొంచెముగా విప్పుచు కథ చెప్పును. ఆ పటములను వ్రాయించినది ఎవరు? వేర్వేరు కులములవారే తమ తమ కులపురాణములను చెప్పించుకొనుటకై నకాషీలచేత వ్రాయించిరి. కావున కులసంఘము బొమ్మలకథకు పోషకముగా నుండుట క్రొత్త సంగతి కాదు, మరచిన సంగతి.

ఇక మన గోదావరి సీమకు వత్తము. రాజమహేంద్రవరమున 1897లో జనించిన దామెర్ల రామారావుగారి చేతిలోని విద్యను, అచ్చటి కళాశాలకు అధ్యక్షుడై వచ్చిన ఆస్వాల్డ్ కూల్డ్రే దొర కనిపెట్టి ప్రోత్సహించెను. రామారావుగారు బొంబాయి జె. జె. కళాశాలలో అభ్యసించి తిరిగివచ్చి, స్వస్థలమున చిత్రకళాశాల నెలకొల్పి, 1925లో, ముప్పదియేండ్లైన నిండకుండగనే గతించిరి. వారు బొమ్మలకథలు గీయలేదు. ఐనను ఇచ్చట వారిని తలచుటకు కారణమున్నది. విద్య ఒకరిది, దానిని గుర్తించిన కన్ను మరియొకరిది. రెండును కూడిననే ఫలము.

బొమ్మలకథలలో మన సీమవారి వంతు చిన్నది కాదు. కృష్ణశాస్త్రిగారి కుమారులు దేవులపల్లి సుబ్బరాయశాస్త్రిగారు, బుజ్జాయి యను పేరున, పంచతంత్రమును బొమ్మలకథగా గీసి, 1960ల దశకమున ఇల్లస్ట్రేటెడ్ వీక్లీ అను ఆంగ్లపత్రికద్వారా భారతదేశమంతటికి అందించిరి. మందబుద్ధులగు రాజపుత్రులకు ఆరు నెలలలో నీతి నేర్పుటకు విష్ణుశర్మ చెప్పిన కథలే అవి. వారు సృష్టించిన డుంబు అను బాలుడు తెలుగు పిల్లలకు నేస్తము. ధవళేశ్వరమున 1931లో ముళ్లపూడి వెంకటరమణగారును, నరసాపురమున 1933లో బాపుగారును జన్మించిరి. 1956లో ఆంధ్ర వారపత్రికలో వెలువడిన బుడుగునకు మాట రమణగారిది, గీత బాపుగారిది. వ్రాయువాడు వేరు, గీయువాడు వేరు అయినను, చదువరికి ఇద్దరును ఒక్కరిగా కనబడుట ఆ జంట సాధించిన ఘనత.

వారికి మొదటి ద్వారము ఎచ్చట తెరువబడెనో గమనింపుడు. 1945లో మదరాసునుండి న్యాయపతి రాఘవరావుగారును కామేశ్వరిగారును, రేడియో అన్నయ్య, అక్కయ్య యని పిల్లలు పిలుచుకొనువారు, బాల యను మాసపత్రికను ప్రారంభించిరి. పిల్లలు వ్రాసినది పిల్లలకొరకు అచ్చువేయుట ఆ పత్రిక పద్ధతి. మైలాపూరులో ఒకే పాఠశాలలో చదువుచుండిన రమణ బాపుల తొలి రచనలును, తొలి బొమ్మలును అందే వెలుగు చూచెను. ఆనాడు వారు పేరుమోసినవారు కారు. నిక్కరు తొడిగిన విద్యార్థులు. ఒక సంపాదకుడు పిల్లవాని కాగితమును చెత్తబుట్టలో వేయక బల్లపై పెట్టుకొనుటచే తెలుగుజాతికి కలిగిన లాభమును లెక్కింప మాతరమా?

తరువాత 1947 జూలైలో నాగిరెడ్డి చక్రపాణిగార్ల చందమామ ఉదయించినది. చిత్ర, శంకర్, వడ్డాది పాపయ్యగార్లు ఆ పుటలను దేవాలయ మండపములవలె తీర్చిరి. పాఠకులనుండి కార్డుమీద వ్యాఖ్యలు తెప్పించుకొని బహుమతులిచ్చిన ఫోటో వ్యాఖ్యల పోటీ ఎన్ని ఊళ్లలో ఎందరికి మొట్టమొదట తమ పేరును అచ్చులో చూపించినదో! ఆ చందమామ 2013 ప్రాంతమున అస్తమించినది. ఇల్లస్ట్రేటెడ్ వీక్లీ 1993లో ఆగెను. ఫాంటమును మాంత్రికుని కథలను మన యిండ్లకు తెచ్చిన ఇంద్రజాల్ కామిక్కులు 1990లో నిలిచిపోయినవి. బాల అంతకు చాలముందే ఆగిపోయినది. అందుచేత నేటి బాలునకు "చందమామకు పంపుము" అని చెప్పి చేతులు దులుపుకొనుటకు వీలులేదు. పాత ద్వారములు మూయబడినవి. క్రొత్త ద్వారములు ఉన్నవి గాని వానిపై పేరుపలకలు లేవు, వెదకవలెను.

మాకు తెలిసినంతలో అవి యైదు విధములు.

మొదటిది పత్రికలు. వారపత్రికలును, దినపత్రికల ఆదివారపు సంచికలును, ఒక్క గడిలో ముగియు హాస్యచిత్రములను ఇప్పటికిని స్వీకరించుచున్నవి. పండుగ సంచికలకు పోటీలును పెట్టుచుండును. పొడవైన కథకు ఇచ్చట చోటు తక్కువ. అయినను చేయి తిరుగుటకు, పేరు తెలియుటకు ఇదియే సులభమార్గము. పత్రిక తెరచి, చిత్రములు పంపుటకు వారు చేసిన సూచనలను చదివి, ఆ పత్రిక అచ్చువేయు పరిమాణముననే గీసి పంపవలెను.

రెండవది బాలల పుస్తక ప్రచురణకర్తలు. సికిందరాబాదునందలి మంచి పుస్తకము వారు తెలుగున బొమ్మల పుస్తకములను చవుకగా అందించుచున్నారు. ఉత్తర అమెరికా తెలుగు సంఘముతో కూడి బొమ్మల పుస్తకములకు పోటీలును నడిపిరి. మదరాసునందలి తూలిక వారు పలు భాషలతోపాటు తెలుగునను ప్రచురింతురు. కేంద్రప్రభుత్వపు నేషనల్ బుక్ ట్రస్టు 1969నుండి నెహ్రూ బాల పుస్తకాలయ మను మాలను నడిపినది. వీరు వేయునవి కచ్చితముగా కామిక్కులు కావు. కాని బొమ్మతో కథ నడపనేర్చినవానికి రెండింటి నడుమ గోడ పలుచన.

మూడవది కామిక్కులకే యేర్పడిన సంస్థలు. అనంత్ పై గారు 1967లో అమర్ చిత్ర కథను, 1980లో టింకిల్ అను బాలపత్రికను ఆరంభించిరి. ఇచ్చట కథకుడు, గీయువాడు, రంగులు దిద్దువాడు, అక్షరములు వ్రాయువాడు వేర్వేరుగా నుందురు. కావున అన్నియు వచ్చియుండవలెనను నియమము లేదు. ఒక్క పనిలో నిపుణుడైనను చాలును. 2013నుండి భాగ్యనగరమున కామిక్ కాన్ అను సంత జరుగుచు వచ్చినది. చిన్న ప్రచురణకర్తలును, స్వయముగా అచ్చువేసుకొన్న యువకులును అచ్చట బల్లలు వేసికొని తమ పుస్తకములను అమ్ముదురు. అమ్ముటకు కాకపోయినను, చూచుటకును సంపాదకులతో ముఖాముఖి మాటలాడుటకును ఒకసారి పోయిరాదగినది.

నాలుగవది అంతర్జాలము. ప్రథమ్ బుక్స్ వారు 2015లో స్టోరీవీవర్ అను వేదికను తెరచిరి. అందు ఎవరైనను తెలుగున కథ వ్రాసి, బొమ్మ చేర్చి ప్రకటింపవచ్చును. అయితే అందుంచినదానిని, పేరు చెప్పి, ఎవరైనను వాడుకొనవచ్చు ననునది అచ్చటి నియమము. అది విద్యాదానము, అమ్మదలచిన పనిని అచ్చట పెట్టరాదు.

అయిదవది గోడ. నవ్వకుడు. శరద్ శర్మగారును వారి వరల్డ్ కామిక్స్ ఇండియా వారును పల్లెలలో చిత్రకారులు కానివారికి సైతము నేర్పిన పద్ధతి యిది. రెండు మామూలు కాగితములను అతికి, నాలుగు గడులలో ఊరి సమస్యను కథగా గీసి, నకళ్లు తీయించి, టీ దుకాణముననో, బస్సు నిలుచుచోటనో అంటింతురు. సంపాదకుడు లేడు, తిరస్కారము లేదు. మన లంకగ్రామములలో వరద, కాలువలలో చెత్త, ఆక్వా చెరువులచే ఉప్పుదేరిన తాగునీరు: ఇన్ని కథలుండగా గడులకు కొరత యేమి?

ఇక పంపు విధము. కథ వ్రాయువాడు కథను మాత్రమే వ్రాసిన చాలదు. ఇన్నవ పుట, ఇన్నవ గడి, అందు కనబడున దేమి, పలుకువా డెవడు, పలుకున దేమి యని విడివిడిగా వ్రాయవలెను. దానితోపాటు కథాసారమును ఒక్క పుటలో చెప్పవలెను. గీయువాడు నాలుగైదు పుటలు పూర్తిచేసి నమూనాగా పంపవలెను. అందమైన విడిబొమ్మలు వరుసబొమ్మలకు బదులు కావు. ఒకే మనుష్యుడు పది గడులలో పదిమందివలె కనబడిన సంపాదకుడు రెండవ పుట త్రిప్పడు.

తెలుగునకు ప్రత్యేకమైన మాట ఒకటి చెప్పెదము. మన లిపికి పైన గుడులు, క్రింద వత్తులు. మన మాటలు దీర్ఘములు. ఆంగ్లమునకు తగిన బుడగలో తెలుగును క్రుక్కినయెడల వత్తులు తెగును, బొమ్మ నలుగును. కనుక ముందు అక్షరములకు చోటు గుర్తించి, పిదప బొమ్మ గీయవలెను. బాపుగారి చేతివ్రాత అచ్చక్షరమై నేటికిని వాడుకలో నుండుట గమనించినచో, అక్షరమును బొమ్మలో భాగమేయని తెలియును.

మూలప్రతి నెవరికిని పంపరాదు. అంగుళమునకు 300 చుక్కల సాంద్రతతో ప్రతిబింబము తీయించి దానినే పంపవలెను. పంపిన తేదీ, ఎవరికి, ఏమి పంపితిమి యను మూడును ఒక పుస్తకమున వ్రాసికొనవలెను. ఒకే పనిని ఒకేసారి పదిమందికి పంపుట, వారి నియమము అంగీకరించిననే తగును. యంత్రముచే గీయించినదానిని మా చేతిపని యని చెప్పుట కంసాలి ఇత్తడిని బంగారమని అమ్ముటతో సమానము. మన యింట అది తగదు.

మూలప్రతినిగూర్చి ఇంత గట్టిగా చెప్పుటకు కారణము కలదు. మాయొద్ద చదివిన యొక బాలుడు, మన కులమువాడే, ఏటిగట్టు ప్రక్క ఊరివాడు, ఇంటర్మీడియటు చదువునాడు రాత్రులు మేల్కొని నలుబది పుటల బొమ్మలకథ గీసెను. దానిని గీసినది గీసినట్లే ఒక ప్రచురణకర్తకు తపాలాలో పంపెను. జవాబు లేదు. వ్రాసిన కార్డులకు సమాధానము లేదు. రెండేండ్లకు అవే బొమ్మలు వేరొక పేరుతో వెలువడెను. బాలునివద్ద నకలు లేదు, తపాలా రసీదు లేదు. తండ్రి "ఇక చాలునురా" అనెను. ఆ బాలుడు నేడొక మందుల దుకాణమున లెక్కలు వ్రాయుచున్నాడు. నిజాయితీగల వృత్తియే, గౌరవింపదగినదే. కాని మరల పెన్సిలు పట్టలేదు. తిరస్కారము వానిని ఓడింపలేదు. ఒక రసీదు లేకపోవుట ఓడించినది.

కావున చట్టమునుగూర్చి నాలుగు మాటలు వినుడు. 1957 నాటి గ్రంథస్వామ్యపు చట్టము ప్రకారము, వ్రాసినవానికిని గీసినవానికిని స్వామ్యము పుట్టుకతోనే కలుగును. రిజిస్ట్రీ చేయించుట తప్పనిసరి కాదు. అది కర్త జీవితకాలమును, ఆపై 60 సంవత్సరములును నిలుచును. అయితే జీతముపై ఉద్యోగములో చేసిన పనికి సాధారణముగా యజమాని స్వామియగును. వెల యిచ్చి గీయించుకొనిన చిత్రమునకు, వేరు ఒప్పందము లేనిచో, గీయించుకొనినవాడే మొదటి స్వామి. కావున పనికి ముందే కాగితము వ్రాయించుకొనవలెను.

స్వామ్యమును బదలీ చేయవలెనన్న వ్రాతయు, ఇచ్చువాని సంతకమును ఉండవలెను. నోటిమాట చెల్లదు. ఎంతకాలమో వ్రాయనిచో 5 సంవత్సరములనియు, ఎచ్చటనో వ్రాయనిచో భారతదేశమునందే యనియు చట్టము భావించును. వేరు షరతు లేనియెడల, పుచ్చుకొనినవాడు ఆ హక్కును ఒక సంవత్సరములోగా వినియోగింపకున్న, బదలీ చెల్లిపోవును. స్వామ్యమును అమ్ముకొనినను, తాను కర్తనని చెప్పుకొను హక్కు కర్తకుండును. "సర్వహక్కులు, సర్వకాలములకు, సర్వదేశములలో" అను మాటలు కనబడినచోట కలమును క్రింద పెట్టి, ఒక న్యాయవాదిని సంప్రదింపుడు. మన సంఘములోనే న్యాయవాదులు కలరు. వారు ఈ పిల్లల కాగితములను ఉచితముగా చదివిపెట్టుదురని మా నమ్మకము.

పంచతంత్రము, రామాయణము, కాశీమజిలీలవంటి పాతకథలు ఎల్లరి సొత్తు. ఎవరైనను గీయవచ్చును. కాని మరియొకరు గీసిన హనుమంతుని నకలు తీయుట చౌర్యము. ఇంకొక హెచ్చరిక. మీ పుస్తకము వేసెదము, ముందు ఇంత సొమ్ము కట్టుడని యడుగువాడు మిమ్ము రచయితగా గాక కొనుగోలుదారుగా చూచుచున్నాడు. స్వయముగా అచ్చువేసుకొనుట తప్పు కాదు. అట్టిచో అచ్చుకూటమునకే పోయి వెల తెలిసికొని వేయించుకొనుడు.

తల్లిదండ్రులకు ఒక మనవి. మీ బిడ్డను చదువు మాన్పించి బొమ్మలు గీయింపుడని మేము చెప్పుటలేదు. బాపుగారు న్యాయశాస్త్ర పట్టభద్రులు. చదువును చిత్రమును ఒండొంటికి శత్రువులు కావు. విష్ణుధర్మోత్తరమున వజ్రమహారాజు విగ్రహనిర్మాణము నేర్పుమని కోరగా, మార్కండేయుడు చిత్రము, నృత్యము, సంగీతము అను విద్యలన్నియు ఒండొంటిపై ఆధారపడియున్నవని చెప్పెను. గణితపు పుస్తకము అంచున బొమ్మ గీసిన పిల్లవానిని కొట్టవలదు. ఆ బొమ్మలు వరుసగా నున్నవేమో చూడుడు. వరుసగా నున్నచో, వాడు కథ చెప్పుచున్నాడు.

ఇక పోషక మహాశయులకు మా ప్రార్థన. వైద్యవిద్యకును, ఇంజనీరింగు విద్యకును మనము వేతనము లిచ్చుచున్నాము, అది యావశ్యకము. వానిప్రక్కన చిత్రవిద్యకు ఒక్క వేతనము చేర్చుడు. వసతిగృహ గ్రంథాలయమున ఒక అర బొమ్మల పుస్తకములకు కేటాయింపుడు. అన్నిటికంటె ముఖ్యముగా, ఈ వార్షిక సంచికను చూడుడు. అభినందనలును ప్రకటనలును దీనిని నింపుచున్నవి. అవి లేక సంచిక లేదని మాకును తెలియును. కాని వచ్చేయేటినుండి నాలుగు పుటలు మన బిడ్డల బొమ్మలకథలకు విడువుడు. పోటీ పెట్టి, ఎన్నికైనవానికి పేరు వేసి, పారితోషికము చేతికిచ్చి, స్వామ్యము వానిదేయని క్రింద ఒక్క పంక్తి అచ్చువేయింపుడు. ఆ పుటను కత్తిరించుకొని పిల్లవాడు రేపు ఏ సంపాదకునివద్దకైనను తలయెత్తుకొని పోగలడు.

మొదటి సంవత్సరపు పారితోషికమునకై మా ఫించనులోనుండి ఒక నెల మొత్తమును కోశాధికారిగారికి ఈ సభలోనే అందజేయుచున్నాము. దానిని పెంచుభారము మీది.